ఆరోగ్య విషయములు: ఊపిరి లెక్క



గడచిన పుష్యమాసములో నొక రాత్రి, మహేంద్రతనయ మీది మంచు పాతపట్నపు వీధులలోనికి దిగివచ్చి దీపములను గూడ మసకపఱచుచున్న వేళ, మా పొరుగింటి కోడలు తలుపు తట్టినది. ఆమె చంకలో పదినెలల పిల్లవాడు. "అప్పా! గుంటడు డొక్కలెగరేస్తన్నాడు. ఓపాలి సూడప్పా" అని మాత్రము అనగలిగెను. ఆమె వెనుకనే యామె అత్తగారును, ఇద్దఱు ముగ్గురు ఇరుగుపొరుగు అమ్మలును వచ్చిరి. దిష్టి తగిలినదని యొకరును, పాలు పడక కఫము చేరినదని యొకరును, ఱొమ్మున ఆముదము రాచి తలుపులు మూసి కుంపటి సెగ చూపినచో తెల్లవారుసరికి తగ్గునని యొకరును చెప్పిరి. చెప్పినవారందఱును బిడ్డ మీది ప్రేమచేతనే చెప్పిరి. కాని రెండు దినములనుండి బిడ్డ రొప్పుచుండగా ఆ రొప్పు నిమిషమున కెన్ని మార్లో లెక్కించినవారు మాత్రము ఒక్కరును లేరు.

మేము బిడ్డను తల్లి యొడిలోనే యుంచి, చొక్కా పైకెత్తి, గోడగడియారమున కెదురుగ కూర్చుండి, నిండు నిమిషము లెక్కించితిమి. 64 మార్లు. ప్రతి ఊపిరికిని ప్రక్కటెముకల క్రింది మెత్తని భాగము లోపలికి గుంటపడుచుండెను. ఆ రాత్రియే బిడ్డను ఆసుపత్రికి చేర్చితిమి. న్యుమోనియా యని డాక్టరుగారు నిశ్చయించి ప్రాణవాయువును, సూదిమందులను ఇచ్చిరి. ఆఱవనాడు పిల్లవాడు తల్లి భుజము మీదనుండి మమ్ము చూచి నవ్వుచు ఇల్లు చేరెను.

తరువాత నొక మధ్యాహ్నము ఆ తల్లి మాయింటికి వచ్చి, ఆసుపత్రిలో తాను విన్న మాటల కర్థము లడిగినది. "ఆ మాటలేవో ముందే తెలిసుంటే రెండు రోజులు ఆగేదాన్ని కాదప్పా" అనెను. ఆ యొక్క వాక్యమే ఈ నెల మాచేత ఈ శీర్షికను వ్రాయించుచున్నది. ఊపిరికి సంబంధించిన మాటలు పండితులకును వైద్యులకును మాత్రమే చెందినవి కావు. బిడ్డలను పెంచు ప్రతి గృహిణికిని అవి ఉప్పు పప్పులవలె చేతికందు చోట నుండవలసినవి.

1936లో ఒడిస్సా యేర్పడినప్పటినుండి మాకు ఎల్ల కావల నున్న పర్లాకిమిడిలో ఏండ్లకొలది ఉపాధ్యాయులుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనుల నోటనున్న మాటకు గౌరవము కావలెనని వాదించిరి. మేము గ్రాంథికమునే వ్రాయుచున్నను ఈ విషయమున వారి మాట వినక తప్పదు. రొప్పు, ఎగఊపిరి, పిల్లికూతలు, డొక్కలెగురుట అని మన యిండ్లలో వాడు మాటలు వైద్యుని చెవికి మిక్కిలి విలువగలవి. ఆ మాటల వెనుక నున్న పని యేమో తెలిసికొందము.

మొదట గాలి నడచు దారి. ముక్కు మన యింటి వీధిగుమ్మము వంటిది. బయటి గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్మును వడగట్టి లోపలికి పంపును. అచ్చటనుండి గొంతుకను దాటి గాలి వాయునాళమున ప్రవేశించును. ఇది నాలుగంగుళములకు కొంచె మెక్కువ పొడవు గల గొట్టము. ఇది చప్పబడిపోకుండ మెత్తని యెముక వంటి కట్లు దీనిని నిలబెట్టుచున్నవి. ఱొమ్ములో నిది రెండు శ్వాసనాళములుగ చీలి, కుడి యెడమ ఊపిరితిత్తులలోనికి పోవును. కుడి తిత్తి మూడు భాగములు, ఎడమ తిత్తి రెండే భాగములు. ఎడమవైపున గుండెకు చోటు కావలెను గదా. కుడి నాళము కొంత వెడల్పుగను నిటారుగను ఉండుటచే పసివాడు మ్రింగబోయి పొరబారిన వేరుసెనగ గింజయో సీతాఫలపు గింజయో తఱచుగ కుడివైపునకే జారును. నాలుగైదేండ్లు నిండని పిల్లల చేతికి గట్టి గింజలను ఇయ్యరాదని చెప్పుట ఇందుకే. ఆడుకొనుచున్న బిడ్డ ఉన్నట్టుండి దగ్గి ఉక్కిరిబిక్కిరియై, పిదప ఒకవైపు పిల్లికూతలు కూయుచున్నచో జలుబని యూరకుండరాదు.

ఈ నాళముల లోపలి గోడలకు కంటికి కానరాని సన్నని నూగు కలదు. అది రాత్రింబవళ్లు చీపురువలె ఊగుచు, దుమ్ముతో గూడిన జిగురును పైకి, గొంతుకవైపునకు, నెట్టుచుండును. మనము దగ్గి వెలుపలికి త్రోయునది ఆ చెత్తయే. కావున దగ్గు శత్రువు కాదు, ఇల్లూడ్చు పనికత్తె. పొగ తగిలిన కొలదియు ఈ నూగు మందగించి, క్రమముగ చచ్చుపడును. అప్పుడు చెత్త లోపలనే పేరుకొనును.

నాళములు చెట్టుకొమ్మలవలె ఇంచుమించు 23 మార్లు చీలి చీలి, తుదకు ద్రాక్షగుత్తులవంటి వాయుకోశములతో ముగియును. ఇవి ఒక్కొక మనిషిలో 30 కోట్లకు తక్కువ యుండవు. వీని గోడల నన్నిటిని విప్పి పఱచినచో ఇంచుమించు 70 చదరపు మీటర్లు, అనగా ఒక నాలుగు గదుల యింటి నేల యంత, అగును. ఆ గోడ మందము తలవెండ్రుక మందములో నూరవ వంతు. గోడ కీవల గాలి, ఆవల నెత్తురు. 1661లో ఇటలీ దేశపు మాల్పీగీ యను వైద్యుడు కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో చూచి, ఆ గోడలమీద అల్లుకొనియున్న కేశనాళికలను, అనగా వెండ్రుకలకన్న సన్నని నెత్తుటి కాలువలను, మొదట కనుగొనెను.

ఇంత సన్నని తడి బుడగలు ఒకదానికొకటి అంటుకొని మూసికొనిపోవేల యని మీ రడుగవచ్చును. కుంకుడు రసమును చూడుడు. ఉత్త నీటిని ఎంత గిలకొట్టినను బుడగ నిలువదు. కుంకుడు రసము పడగానే నీటి బిగువు సడలి నురుగు నిలుచును. మన వాయుకోశములలోను అట్టి రసమే యొకటి ఊరుచుండును. దీనిని సర్ఫాక్టెంటు అందురు. గర్భస్థ శిశువునకు ఈ రసము చాలినంతగ సిద్ధమగుట ఎనిమిదవ నెల గడచిన పిదపనే. నెలలు నిండక పుట్టిన పిల్లలు ఊపిరి కందక చనిపోవుటకు ఈ రసము లేకుండుటయే కారణమని 1959లో అమెరికా దేశపు వైద్యురాలు మేరీ ఎలెన్ ఆవెరి తన సహచరునితో గూడి నిరూపించెను. నేడు నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి వేళకు సూదిమందు ఇచ్చి, బిడ్డ తిత్తులు త్వరగ పక్వమగునట్లు చేయుచున్నారు. పుట్టిన బిడ్డకు ఆ రసమునే గొట్టము ద్వారా ఇచ్చుటయు కలదు. కావున నెలలు నిండని నొప్పులను "ఉత్తుత్తి నొప్పులు" అని యింట నుంచుకొని వేచి చూచుట తగదు. ఆ గంటలే బిడ్డ ఊపిరికి పెట్టుబడి.

ఇక తిత్తి కదలు విధము. మన భాషలో ఊపిరితిత్తి యను పేరే ఒక పాఠము. కమ్మరి కొలిమియొద్ద తిత్తిని చూచియుందురు. తిత్తి తనంతట తాను ఊదదు. కమ్మరి చేయి లాగిన నది ఊదును. అట్లే ఊపిరితిత్తులకు తమవైన కండలు లేవు. వానిని లాగు చేయి ఉదరవితానము. వితానమనగా చాందినీ. ఱొమ్మునకును కడుపునకును నడుమ చాందినీవలె ఉబ్బి కట్టబడిన కండర మిది. ఇది బిగిసి క్రిందికి దిగగా, ప్రక్కటెముకలు పైకి లేవగా, ఱొమ్ములో చోటు పెరిగి గాలి లోపలికి వచ్చును. ఇది ఉచ్ఛ్వాసము. కండరము సడలగా తిత్తులు తమ సాగుడుగుణముచే ముడుచుకొని గాలిని వదలును. ఇది నిశ్వాసము. నెమ్మదిగ నున్నప్పుడు లోపలికి తీయుటకే శ్రమ, విడుచుటకు శ్రమ లేదు.

ఇప్పుడు డొక్కలెగురుట యేమో తెలియును. వాయుకోశములలో చీము నీరు చేరి తిత్తి బిఱుసెక్కినప్పుడు బిడ్డ ఎంత బలముగ లాగినను గాలి చాలినంత రాదు. ఆ లాగుడు మెత్తని డొక్కలను లోపలికి పీల్చును. డొక్క లెగురుచున్నవనగా బిడ్డ తన శక్తినంతయు ఊపిరికే వ్యయము చేయుచున్నాడని యర్థము. ఉబ్బసములో సంగతి వేఱు. అచ్చట సన్ననాళముల చుట్టునున్న కండలు బిగిసి, లోపలి పొర వాచి, దారి యిఱుకగును. లోపలికి వచ్చిన గాలి బయటికి పోలేక యీలవేయును. అవియే పిల్లికూతలు. వీనికి పీల్చు మందు తిన్నగ ఆ నాళములకే చేరుటచే కొద్దిపాటి మందే చాలును. అది వ్యసనమగునను భయము నిరాధారము.

ఊపిరిని కొలుచుట యెట్లు? బారువ, కళింగపట్టణము తీరములందు సముద్రపు ఆటుపోటులను చూచినవారికి ఇది సులభము. పెద్దవారు నెమ్మదిగ నున్నప్పుడు ఒక్కమారు వచ్చిపోవు గాలి ఇంచుమించు అరలీటరు, 500 మిల్లీలీటర్లు. దీనికి వైద్యులు పెట్టిన పేరును ఆటుపోటును తలపించునదే. మనము ఆటుపోటు గాలి యందము. నిమిషమునకు 15 మార్ల చొప్పున దినమునకు 10,800 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిచిన 720 బిందెలు! త్రాగు నీటిని వడగట్టి, కాచి త్రాగు మనము, ఈ 720 బిందెల గాలి యెట్టిదో యని తలపోయుట యరుదు.

ఎంత బలముగ పీల్చి ఎంత బలముగ విడువగలమో యా మొత్తమును ప్రాణసామర్థ్య మందురు. లండను వైద్యుడు జాన్ హచిన్‌సన్ 1846లో నీటిపై తేలు గంటవంటి స్పైరోమీటరు అను పరికరముతో రెండువేలకు పైబడిన జనుల ఊపిరిని కొలిచి, ఈ సామర్థ్యము మనిషి యెత్తును బట్టి పెరుగునని చూపెను. స్త్రీలలో నిది ఇంచుమించు 3 లీటర్లు. ఎంత విడిచినను లోపల ఒక లీటరుకు పైగా మిగిలియే యుండును. అది మిగులు గాలి. ఆ మిగులే లేకున్నచో ప్రతి నిశ్వాసముతోను తిత్తులు మూసికొనిపోవును. అడుగంటకుండ కుండలో నీరు కొంచెము నిలిపినట్లు ప్రకృతి దానిని నిలిపినది.

వీనికన్న ముఖ్యమైన దొకటి కలదు. పీల్చిన 500లో ఇంచుమించు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతుక, నాళములను నింపి, వాయుకోశములను చేరకయే తిరిగి వచ్చును. దీనిని మృతస్థలపు గాలి యందురు. మనము దారిఖర్చు అందము. నిమిషమునకు 12 మార్లు, మారునకు 500 చొప్పున పీల్చిన 6 లీటర్లు. దారిఖర్చు పోగా వాయుకోశములకు చేరునవి 4,200 మిల్లీలీటర్లు. అదే 6 లీటర్లను 24 మార్లు, మారునకు 250 చొప్పున పైపైన పీల్చిన, చేరునవి 2,400 మాత్రమే. శ్రమ రెట్టింపు, ఫలము ఇంచుమించు సగము. సంతకు పదిమార్లు చిల్లరగ పోయి బండికూలికే డబ్బు తగలబెట్టు గృహిణికిని, ఒక్కమారే సరకు తెచ్చుకొను గృహిణికిని ఎంత భేదమో యంత భేదము. రొప్పుచున్న బిడ్డ ఎక్కువ గాలి పీల్చుచున్నాడని తలపరాదు. అతడు దారిఖర్చులకే అలసిపోవుచున్నాడు.

లోపలికి చేరిన గాలి చేయు వ్యాపారమేమి? బయటి గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, ఇంచుమించు 21 పాళ్లు ప్రాణవాయువు. మన పూర్వపు శాస్త్రగ్రంథములు ఆమ్లజని యనినదియు, నేడు ఆసుపత్రులలో ఆక్సిజన్ అనునదియు ఇదియే. విడిచిన గాలిలో నది 16 పాళ్లకు తగ్గి, బొగ్గుపులుసు వాయువు 4 పాళ్లగును. పై మడినుండి క్రింది మడికి నీరు పాఱునట్లు, ఒత్తిడి యెక్కువైన చోటినుండి తక్కువైన చోటికి వాయువు పాఱును. వాయుకోశమునుండి నెత్తుటికి ప్రాణవాయువు, నెత్తుటినుండి వాయుకోశమునకు బొగ్గుపులుసు వాయువు, ఒకే క్షణమున ఎదురెదురుగ పోవును. మహేంద్రగిరి శిఖరముమీద, 1,500 మీటర్ల యెత్తున, ప్రాణవాయువు 21 పాళ్లే. కాని గాలి యొత్తిడి మొత్తము మీద సముద్రతీరపు దానిలో ఆఱింట అయిదు పాళ్లే. మడి పల్లమైన నీటి పరుగు తగ్గినట్లు, అచ్చట ప్రాణవాయువు నెత్తుటిలోనికి పాఱు వేగమును తగ్గును.

నెత్తుటిలో ప్రాణవాయువును మోయు బండ్లు ఎఱ్ఱకణములు. అందలి సరకుపెట్టె హిమోగ్లోబిన్ అను ఇనుముగల పదార్థము. ఇనుము చాలని నెత్తుట పెట్టెలు తక్కువ. తిత్తులు బాగున్నను సరకు మోయువారు లేరు. కావుననే పాండురోగముగల స్త్రీ బిందె నెత్తుకొని నాలుగు మెట్లెక్కిన ఆయాసపడును. గర్భిణి సంగతి మఱింత సూక్ష్మము. గర్భకోశము పెరిగి ఉదరవితానమును పైకి నెట్టును. గర్భకాలపు రసముల ప్రభావముచే ఊపిరి లోతెక్కును. కొంచెపాటి ఆయాసము సహజమే. కాని "కడుపుతో నున్నవారికి ఇది మామూలే" యను నా మాట చాటున పాండురోగము దాగికొనును. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో పాండురోగమే. ఆయాసముతో పాటు కాళ్లవాపు, గుండెదడ, పండుకొనలేమి యున్నచో నాడే వైద్యునకు చూపవలయును.

ఊపిరికి ఆజ్ఞ యిచ్చువా రెవరు? మెదడు అడుగున నున్న మజ్జాముఖము. దానికి కబురు తెచ్చునది ముఖ్యముగ ప్రాణవాయువు కొఱత కాదు, బొగ్గుపులుసు వాయువు హెచ్చు. 1905లో ఆక్స్‌ఫర్డునందు హాల్డేన్ తన సహచరునితో గూడి దీనిని నిరూపించెను. అలిగి ఊపిరి బిగబట్టిన బిడ్డను చూచి తల్లులు హడలిపోవుదురు. బిగబట్టినకొలది నెత్తుట బొగ్గుపులుసు వాయువు పెరిగి, బిడ్డ అలుక తీరకున్నను ఊపిరి వచ్చియే తీరును. పసివాని మొండితనముకన్న మజ్జాముఖపు ఆజ్ఞ గొప్పది.

ఈ కాపలాదారు ఏమఱు సందర్భ మొకటి కలదు. అది మన యాచారములలోనే యున్నది. చలికాలమున బాలింతగదిలో కిటికీలు మూసి, మంచము క్రింద బొగ్గుల కుంపటి యుంచుదురు. నిప్పునకు గాలి చాలనప్పుడు బొగ్గుపులుసు వాయువుతో పాటు కార్బన్ మోనాక్సైడు అను మఱియొక వాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. ఇది ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగ హిమోగ్లోబిన్‌ను పట్టుకొనును. బండ్లన్నియు నిండియే యుండును, కాని అందు సరకు విషము. బొగ్గుపులుసు వాయువు హెచ్చదు గనుక మజ్జాముఖము మేలుకొనదు, రొప్పు రాదు. తలనొప్పి, వాంతి, మగత, పిదప మేలుకొనని నిద్ర. బాలింత మగతగ నున్నదని అందఱును సంతసించుచుందురు!

2020, 2021 సంవత్సరములలో కోవిడు వ్యాపించినప్పుడు వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు మన పల్లెలకును వచ్చినది. దీని మూలసూత్రమును జపాను దేశీయుడు టకువో అవొయాగి 1970ల మొదట కనుగొనెను. ఆరోగ్యవంతులకు అది 95 మొదలు 100 దాకా చూపును. 94కు దిగిన జాగ్రత్త, 90కి దిగిన అపాయము. కాని సామాన్యపు ఆక్సీమీటరు హిమోగ్లోబిన్ పట్టుకొన్నది ప్రాణవాయువో కార్బన్ మోనాక్సైడో యెఱుగదు. కుంపటి గదిలో సోలిపోయిన మనిషి వ్రేలిమీదను అది 98 చూపవచ్చును. అచ్చట పరికరమును నమ్మక, తలుపులు తెఱచి, మనిషిని ఆరుబయటికి చేర్చి 108కి కబురు పెట్టవలయును. బాలింతకు వెచ్చదనము కావలెనన్న దుప్పటి యున్నది, వేడినీటి సంచి యున్నది, బిడ్డకు తల్లి ఱొమ్మునకు మించిన కుంపటి లేదు. సాంబ్రాణి పొగ పరిమళమైనను పసివాని నూగునకు అది పొగయే.

వంట పొగ మాటయు అంతియే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును గ్యాసు పొయ్యిని ఇంటికి తెచ్చినవి. 2024 నవంబరు 1న దీపము రెండవ పథకము మన శ్రీకాకుళము జిల్లాలోని ఈదుపురముననే ఆరంభమైనది. అయినను గ్యాసుబండను అతిథులకై దాచి, నీళ్లు కాచుటకు, పప్పు ఉడికించుటకు కట్టెలనే వాడు ఇండ్లు మాకు తెలియును. కట్టెలు కొనక దొరకును గనుక చౌక యని వారి లెక్క. 720 బిందెల లెక్కను దాని ప్రక్కన పెట్టి చూడుడని మా ప్రార్థన. కట్టెల పొయ్యి తప్పనివారు దానిని ఆరుబయటనో, పొగగూడు క్రిందనో పెట్టి, బిడ్డను చంకనెత్తుకొని పొయ్యియొద్ద కూర్చుండుట మానవలయును.

తుదకు మా పొరుగింటి కోడలికి నేర్పినదే మీకును చెప్పుచున్నాము. దగ్గు, జలుబు, జ్వరము గల బిడ్డ యేడ్వక నెమ్మదిగ నున్నప్పుడో నిద్రించుచున్నప్పుడో చొక్కా నెత్తి, పొట్ట ఱొమ్ము లేచుటను నిండు నిమిషము లెక్కింపుడు. అరనిమిషము లెక్కించి రెట్టించుట తగదు, పసివారి ఊపిరి సమముగ నడువదు. రెండు నెలలు నిండని శిశువునకు 60, రెండు నెలలు మొదలు సంవత్సరములోపు బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40. ఈ సంఖ్యలు ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించినవి. లెక్క ఆ సంఖ్యను చేరినను దాటినను అది వేగపు ఊపిరి. ఆ దినమే వైద్యునకు చూపవలయును. రెండు నెలలు నిండని శిశువైనచో ఒక్క గంటయు ఆగరాదు. డొక్క లెగురుచున్నను, పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలి వాఱినను, లేపినను లేవని మగత యున్నను, లెక్కించుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలయును.

దిష్టి తీయుట మానుడని మేము చెప్పము. పెద్దల మనసు నెమ్మదించుటకు ఉప్పు మిరపకాయలు తిప్పిన తిప్పుడు. కాని అది తిప్పుటకు ముందు ఒక నిమిషము లెక్కింపుడు. ఆ సంఖ్యను కాగితము మీద గంటతో సహా వ్రాసి వైద్యునకు చూపుడు. "బిడ్డకు బాగులేదు" అను మాటకన్న "సాయంకాలము 6 గంటలకు 48, రాత్రి 9 గంటలకు 64" అను మాట వైద్యునకు వేయి రెట్లు ఉపయోగము.

ఇప్పుడు మా వీధిలో ఏ యింట బిడ్డ దగ్గినను ఆ కోడలినే పిలుచుచున్నారు. ఆమె గోడగడియారము క్రింద కూర్చుండి పెదవులు కదుపుచు లెక్కించుచుండగా, అత్తగారు ప్రక్కన నిలిచి ఎవరిని మాటాడనీయదు. కుంపటి మాత్రము పెరటి వసారాలోనికి మారినది. దానిమీద నిప్పుడు మొక్కజొన్నపొత్తులు కాలుచున్నవి.

వచ్చు నెల ఇదే శీర్షికలో, పాండురోగమునకు మన పెరటి ఆకుకూరలును వైద్యశాలల యినుపమాత్రలును ఎట్లు తోడ్పడునో ముచ్చటింతుము.